మోంటానా నంబర్ ప్లేటుతో పోర్షే కారు కొంటే టాక్స్ తప్పుతుందా?

మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. 1,20,000 డాలర్ల పోర్షే చూశాను, సేల్స్ టాక్సే 12 వేలు దాటుతోంది. మోంటానా రాష్ట్రంలో ఎల్ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పెట్టి దాని పేరు మీద రిజిస్టర్ చేయిస్తే టాక్సే ఉండదని ఫ్రెండ్ అంటున్నాడు. చేయొచ్చా అన్నా?

>> వద్దు తమ్ముడూ. మోంటానాలో సేల్స్ టాక్స్ లేని మాట నిజమే, కానీ బండి ఉండేది నీ గరాజ్‌లో కదా. కొన్న 12 నెలల్లోపు కాలిఫోర్నియాకి తెస్తే ఇక్కడ వాడటానికే కొన్నావని లెక్కేసి యూజ్ టాక్స్ (బయట కొని ఇక్కడ వాడే వాటి మీద పన్ను), పెనాల్టీ, వడ్డీ అన్నీ వేస్తారు.

>> నేను చేసి అనుభవించా. రెండేళ్లకి లెటర్ వచ్చింది, ఇంటి ముందు తీసిన ప్లేటు ఫొటోతో సహా. మిగిలిందనుకున్న దానికంటే ఎక్కువే కట్టాను, నెలంతా టెన్షన్.

>> ఇన్సూరెన్స్ కూడా చూసుకో. బండి ఎక్కడ ఉంటుందో అబద్ధం చెబితే యాక్సిడెంట్ రోజున క్లెయిమ్ తిరగ్గొట్టొచ్చు.