బిగ్ షాట్‌ని కోసి ఇన్‌స్టాక్స్‌కి మార్చాలా, అలాగే ఉంచాలా?

నల్లగొండ_పోరడు: పాత సామాన్లలో పోలరాయిడ్ బిగ్ షాట్ దొరికింది. 1971లో కేవలం పోర్ట్రెయిట్ల కోసం తెచ్చిన ఇన్‌స్టంట్ కెమెరా. ఫిల్మ్ లేదు. వెనక భాగం కోసి ఇన్‌స్టాక్స్ వైడ్ (ఫూజీ ఇప్పుడు అమ్మే ఇన్‌స్టంట్ ఫిల్మ్) పట్టే బ్యాక్ బిగిస్తానని క్లాక్ టవర్ దగ్గర ఒక మెకానిక్ అంటున్నాడు. చేయించాలా?

దేవరకొండ_స్టూడియో: చేయించు తమ్మీ. దీని ప్యాక్ ఫిల్మ్‌ని (డబ్బాలో షీట్లుగా వచ్చే ఇన్‌స్టంట్ ఫిల్మ్) పోలరాయిడ్ 2008లో, ఫూజీ 2016లో ఆపేశాయి. మిగిలినవి చాలావరకు గడువు దాటిన డబ్బాలే, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫొటో తీయని కెమెరా బీరువాలో ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

పాలమూరు_పాతకాపు: తొందరపడకు. ఇందులో ఫోకస్ రింగే లేదు. వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలు ఒకటయ్యేదాకా మనమే ముందుకీ వెనక్కీ జరగాలి. సుమారు మీటరు దూరంలో కలుస్తాయి. లెన్స్ 220 మి.మీ. ఫిల్మ్ ఒక సెంటీమీటరు వెనక్కి పోయిందనుకో, బొమ్మలు కలిసినట్టే కనిపిస్తాయి, ఫోకస్ మాత్రం ముక్కు ముందున్న గాలిలో పడుతుంది! పైగా ఎఫ్/29 అపర్చర్‌ని (వెలుగు లోపలికొచ్చే చిన్న రంధ్రం) 75 స్పీడ్ కలర్ ఫిల్మ్‌కి కుదిర్చారు; స్పీడ్ అంటే ఫిల్మ్ వెలుగుని ఎంత త్వరగా పట్టుకుంటుందనే లెక్క. ఇన్‌స్టాక్స్ స్పీడ్ 800. మూడు స్టాపులకు పైనే తేడా, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు. ఫ్లాష్ పడితే పెళ్లికూతురు ముఖం సున్నం కొట్టిన గోడే.

దేవరకొండ_స్టూడియో: అన్నా, ఎన్‌డి ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే బూడిదరంగు అద్దం) పెడితే వెలుగు తగ్గుతుంది. ఫిల్మ్ ఉండే చోట ట్రేసింగ్ పేపర్ అంటించి చూస్తే ఫోకస్ సంగతీ తేలిపోతుంది. మీరు కాపాడమంటున్నదానికి ఫ్లాష్ ఎక్కడిది? దీనికి పెట్టే మ్యాజిక్యూబ్ ఫ్లాష్ బల్బుల డబ్బీకి బ్యాటరీ అక్కర్లేదు నిజమే, కానీ ఒక్కోటి నాలుగు మెరుపులే, తయారీ ఎప్పుడో ఆగింది. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఈ కెమెరా వాడాడని మనమూ పూజలో పెట్టుకోవాలా?

మిర్యాలగూడ_డార్క్‌రూమ్: కోయకుండా వాడే దారి ఉంది. ఖాళీ ప్యాక్ డబ్బాలో ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క పెట్టి ఒక్కొక్కటే తీయొచ్చు. గ్రీన్ సెన్సిటివ్ (ఆకుపచ్చ వెలుగుని కూడా పట్టే) రకం స్పీడు ఇంచుమించు పాత పోలరాయిడ్ దగ్గరే. ఎర్ర బల్బు వెలుగులోనే కత్తిరించుకోవచ్చు. ఎరుపు దానికి ఆనదు కాబట్టి పెదవులు, చర్మం నల్లగా వస్తాయి. నాకైతే ఆ ముఖాలే నచ్చుతాయి. రెండు వైపులా ఎమల్షన్ (వెలుగుని పట్టే పూత) ఉంటుంది, గోరు తగిలితే గీత పడుతుంది, జాగ్రత్త.

దేవరకొండ_స్టూడియో: అప్పుడది ఇన్‌స్టంట్ ఎట్లయితది? కడిగి, ఆరబెట్టి ఇచ్చేసరికి కస్టమర్ ఇంటికి పోయి అన్నం కూడా తింటాడు.

పాలమూరు_పాతకాపు: తిననీ. కోసింది మళ్లీ అతకదు.

నల్లగొండ_పోరడు: మెకానిక్‌ని ఆపాను. మిర్యాలగూడ అన్నా, ఎక్స్‌రే ఫిల్మ్ ఏ సైజు అడగాలి?

మిర్యాలగూడ_డార్క్‌రూమ్: 8×10 అంగుళాలది. ఒక్కో షీటుకి నాలుగు ముక్కలొస్తాయి.