అప్‌డేట్: గుట్టను 148 సార్లు ఎక్కడం ఎలా అని అడిగాను, 74 పూర్తయ్యాయి

హనుమకొండ పక్కనున్న మా గుట్టనే నిద్రపోకుండా ఒకే దఫాలో మళ్లీ మళ్లీ ఎక్కి దిగుతూ ఎవరెస్టు ఎత్తైన 8,848 మీటర్లను పూర్తి చేయడానికి శరీరాన్నీ మనసునూ ఎలా సిద్ధం చేసుకోవాలని జూన్‌లో మిమ్మల్ని అడిగాను. విడతకు 60 మీటర్ల చొప్పున 148 సార్లు ఎక్కాలి. మొన్న ఆదివారం అందులో సగం పూర్తి చేశాను.

ఎక్కడం కన్నా దిగడమే తొడలను ఎక్కువగా దెబ్బతీస్తుందని, దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువును ఆపవలసి వస్తుందని మీలో ఒకరు చెప్పిన మాట అక్షరాలా నిజమైంది. వారానికి రెండుసార్లు మెట్లు దిగే సాధన చేసి ఉండకపోతే 50వ విడత దగ్గరే ఆగిపోయేవాడిని. తీపి పానీయాలు కడుపులో తిప్పాయి. ఉప్పు వేసిన మజ్జిగ, అమ్మ కట్టిచ్చిన సర్వపిండి ముక్కలే నన్ను నిలబెట్టాయి.

మనసు సంగతికొస్తే, మొత్తం అంకెను తలచుకోవడం మానేశాను. కుడి జేబులో 10 చింతగింజలు వేసుకొని, పైకి చేరినప్పుడల్లా ఒకదాన్ని ఎడమ జేబులోకి మార్చాను. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే అసలు ఎవరెస్టును ఎక్కిందని గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అక్కడి పలుచని గాలి మా గుట్ట మీద లేదు.

పూర్తి ప్రయత్నం డిసెంబరులో చేస్తాను. నిద్రలేమికి అలవాటుపడడం ఒక్కటే మిగిలింది కాబట్టి, వచ్చే నెల రాత్రిపూట ఎక్కుతాను.