సోమవారం రిపోర్టులు ఏఐ ఏజెంట్‌కి అప్పగిద్దామంటున్నారు, ఎవరైనా చేసి చూశారా?

సోమవారం_బాధితురాలు

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక కంపెనీలో అనలిస్ట్‌ని. అనలిస్ట్ అని పేరుకే గానీ, సోమవారం వస్తే రిపోర్టులు వండి వడ్డించే మనిషిని. ఒకే వెబ్‌సైట్, ఒకే వారం, ఐదు రిపోర్టులు. మార్కెటింగ్‌కి ఏ యాడ్ నుంచి ఎంతమంది వచ్చారో కావాలి, కేటగిరీ టీమ్‌కి గద్వాల, పోచంపల్లి, మంగళగిరి విడివిడిగా కావాలి, ప్రోడక్ట్ వాళ్లకి చెకౌట్‌లో జనం ఎక్కడ ఆగిపోతున్నారో కావాలి, కంటెంట్ వాళ్లకి బ్లాగు, ఫైనాన్స్‌కి ఆర్డర్ల మొత్తం. జీఏ4 (సైట్‌కి ఎవరొచ్చారు, ఏం చేశారు అని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్) లోంచి డేటా దించడం, ఎక్సెల్‌లో పివట్ వేయడం, స్క్రీన్‌షాట్లు తీసి పీపీటీలో అతికించడం, కింద "గత వారంతో పోలిస్తే" అంటూ నాలుగు వాక్యాలు రాయడం. అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర, బాక్సులో పప్పన్నం గడ్డకట్టి ఉంటుంది. ఇంతా చేస్తే మంగళవారం మీటింగ్‌లో మార్కెటింగ్ హెడ్ ఒక నంబర్ చెప్తారు, ఫైనాన్స్ ఆయన ఇంకో నంబర్ చెప్తారు, ఇద్దరూ కలిసి నా వైపు చూస్తారు.

ఈ మధ్య మా బాస్ ఏదో ఈవెంట్‌కి వెళ్లొచ్చి "టీమ్‌కో ఏఐ ఏజెంట్ పెట్టేద్దాం, ఎవరికి కావాల్సింది వాళ్లే అడిగి తెలుసుకుంటారు, నువ్వు పెద్ద పనులు చూసుకోవచ్చు" అన్నారు. ఆ పెద్ద పనులేంటో ఆయన చెప్పలేదు, భయమేసి నేనూ అడగలేదు.

రెండు రోజులు కూర్చుని ట్రయల్ చేశా. జీఏ4 నుంచి సీఎస్‌వీ (అంకెల టేబుల్ ఫైల్) దించి చాట్‌బాట్‌కి ఇచ్చి రిపోర్టు రాయమంటే నిజం చెప్పాలంటే నాకంటే బాగా రాసింది. కానీ వారం మొత్తం యూజర్లని అది రాసిన సంఖ్య జీఏ4 చూపించే దానికి ఒకటిన్నర రెట్లు ఉంది. ఇదెక్కడి నుంచి వచ్చిందని అడిగితే సారీ చెప్పి మూడో నంబర్ ఇచ్చింది!

నా డౌట్లు: టీమ్‌కో ఏజెంటా, అందరికీ ఒకటేనా? జీఏ4కి నేరుగా తగిలించాలా, మధ్యలో ఏమైనా పెట్టాలా? తప్పు నంబర్ వెళ్తే ఎవరి మెడకి చుట్టుకుంటుందో మాత్రం నాకు తెలుసు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) బాగానే వచ్చు, పైథాన్ అంతంతమాత్రం. బడ్జెట్ గురించి అడక్కండి.

క్వెరీ_కూలీ

ఆ ఒకటిన్నర రెట్లు ఎలా అయిందో చెప్తాను, మాకూ అచ్చం ఇదే జరిగింది (మాది కోచింగ్ కోర్సుల సైట్, వైజాగ్). మీ సీఎస్‌వీలో రోజువారీ యూజర్లు ఉండి ఉంటాయి, అది ఏడు రోజులూ కూడేసింది. సోమవారం చీర చూసి, బుధవారం వాళ్లమ్మకి చూపించి, శనివారం కొన్నావిడ ఒక్కరే, రోజువారీ కూడికలో మాత్రం ముగ్గురు. ఆర్డర్లు కూడొచ్చు, పేజీ వ్యూలు కూడొచ్చు, యూజర్లని కూడకూడదు. కొత్తగా చేరిన ఫ్రెషర్ కూడా ఈ తప్పు చేస్తాడు, కాకపోతే వాడు నసుగుతూ చెప్తాడు కాబట్టి మనకి అనుమానం వస్తుంది. ఇది మాత్రం తొణక్కుండా రాసేస్తుంది.

అందుకే మేం పెట్టుకున్న రూల్: లెక్క ఎస్‌క్యూఎల్ చేస్తుంది, రాత ఏజెంట్ రాస్తుంది. జీఏ4 నుంచి బిగ్‌క్వెరీకి (గూగుల్ క్లౌడ్ డేటాబేస్) డైలీ ఎక్స్‌పోర్ట్ పెట్టాం, మామూలు ప్రాపర్టీకి (జీఏ4లో మన సైట్ ఖాతా, డబ్బు కట్టని రకం) రోజుకి 10 లక్షల ఈవెంట్ల (పేజీ తెరవడం, క్లిక్ లాంటివి) వరకు ఎక్స్‌పోర్ట్‌కి డబ్బులు తీసుకోరు. దానిమీద నేను రాసి, చెక్ చేసి, ఫ్రీజ్ చేసిన క్వెరీలు ఓ ఇరవై. అవి రాత్రి నడిచి ఒక చిన్న టేబుల్ తయారవుతుంది: ఈ వారం, గత వారం, తేడా, శాతం, అంతే. ఏజెంట్ కంటికి ఆ టేబుల్ తప్ప ఇంకేమీ కనపడదు. శాతం కూడా దాన్ని కట్టనివ్వం. అది రాసిన పేరాలోంచి అంకెలన్నీ ఒక చిన్న స్క్రిప్ట్ ఏరి టేబుల్‌తో పోలుస్తుంది, ఒక్కటి కలవకపోయినా మెయిల్ ఆగిపోయి నాకు మెసేజ్ వస్తుంది. మొదటి వారం నాలుగుసార్లు ఆగింది. మూడుసార్లు టేబుల్‌లో 29.6 ఉంటే అది "దాదాపు 30" అని రాసినందుకు. నాలుగోసారి మాత్రం ఎక్కడా లేని అంకె.

ఇంకో విషయం, సోమవారం పొద్దున్నే పంపే అలవాటు మానండి. ఆదివారం డేటా అప్పటికి పూర్తిగా రాదు, బిగ్‌క్వెరీ రోజువారీ టేబుల్‌లోకి లేటు ఈవెంట్లు మూడు రోజుల వరకు వచ్చి చేరుతుంటాయి. మీరు సోమవారం పంపిన నంబరు గురువారం చూస్తే వేరేగా ఉంటుంది, మీటింగ్‌లో సగం గొడవలు దీనివల్లే. మేం గురువారానికి జరిపాం, రెండు వారాలు సణిగి ఊరుకున్నారు.

ఏజెంట్ సంగతి తర్వాత, ఆ ఎక్స్‌పోర్ట్ లింక్ మాత్రం ఇవ్వాళే పెట్టెయ్యండి. లింక్ చేసిన రోజు నుంచే డేటా వస్తుంది, పాతది వెనక్కి రాదు. కార్డు ఇవ్వకుండా శాండ్‌బాక్స్‌లో (బిగ్‌క్వెరీ ఉచిత రకం) పెడితే 60 రోజులకి టేబుళ్లు వాటంతటవే మాయమవుతాయి. మా సంక్రాంతి సీజన్ డేటా మొత్తం అలాగే పోయింది, దాని గురించి ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

పాత_ఎక్సెల్_మనిషి

అందరూ టూల్స్ చెప్తున్నారు, నేను అసలు ప్రశ్న అడుగుతా. ఆ ఐదు రిపోర్టులు చదివేదెవరు? పాత కంపెనీలో నేను ఒక రిపోర్టు చెప్పకుండా మూడు వారాలు ఆపేశా. పద్నాలుగు మందికి వెళ్లేది. ఒక్కరే అడిగారు, అదీ అప్రైజల్ పీపీటీలో పెట్టుకోడానికి ఒక చార్టు కావాలని. చదవని రిపోర్టుని ఆటోమేట్ చేస్తే చదవని రిపోర్టు టైమ్‌కి వస్తుంది, ఇంకేం మారదు.

రెండోది, మీ మార్కెటింగ్ హెడ్‌కీ ఫైనాన్స్ ఆయనకీ కుదరనిది నంబర్ కాదు, మాట. "ఆర్డర్" అంటే మార్కెటింగ్‌కి థాంక్యూ పేజీ తెరుచుకోవడం. ఫైనాన్స్‌కి క్యాష్ ఆన్ డెలివరీలో గుమ్మం దగ్గర వద్దని తిప్పి పంపినవి, రిటర్నులు, క్యాన్సిల్ అయినవి అన్నీ తీసేశాక చేతిలో మిగిలింది. పైగా యాడ్ బ్లాకర్ ఉన్నవాళ్లు కొన్నది జీఏ4కి అసలు కనపడకపోవచ్చు, థాంక్యూ పేజీ రీలోడ్ చేసింది సరిగ్గా కట్టకపోతే రెండుసార్లు కనపడొచ్చు. ఈ రెండు నంబర్లూ ఎప్పటికీ కలవవు, కలవాలని కోరుకోవడమే తప్పు. దీనికి తోడు గూగుల్ వాళ్లు 2024 మార్చిలో జీఏ4లో "కన్వర్షన్" (కొనడం లాంటి ముఖ్యమైన పని) పేరు తీసేసి "కీ ఈవెంట్" అన్నారు, గూగుల్ యాడ్స్‌లో మాత్రం కన్వర్షన్ అలాగే ఉంది. ఇప్పుడు ఏజెంట్‌ని "కన్వర్షన్లు ఎన్ని" అని అడిగితే ఏది తెచ్చిస్తుందో దాని ఇష్టం.

ఒక పేజీ రాయండి. యూజర్, సెషన్, ఆర్డర్, రెవెన్యూ, ఒక్కో మాటకి ఒక్కటే అర్థం, అందరి సంతకాలతో. జీఎస్టీ కలిపా, తీసేశా అన్నది కూడా. ఆ పేజీకి మాకు ఆరు వారాలు పట్టింది. తర్వాత బాట్ కట్టడానికి నాలుగు రోజులు.

డాలస్_అన్నయ్య

పైన ఇద్దరూ చెప్పింది కరెక్టే. నేను "నేరుగా తగిలించాలా" అన్న దానికి చెప్తా, ఎందుకంటే మేం నేరుగానే తగిలించి చేతులు కాల్చుకున్నాం.

గూగుల్ వాళ్లే 2025లో జీఏ4కి ఎంసీపీ సర్వర్ (ఏజెంట్‌ని డేటాకి నేరుగా కలిపే వంతెన) ఇచ్చారు, ఓపెన్ సోర్స్, అది డేటా చదవగలదు గానీ సెట్టింగులు మార్చలేదు. "నిన్న మొబైల్‌లో చెకౌట్ ఎందుకు పడిపోయింది" లాంటి అప్పటికప్పుడు అడిగే ప్రశ్నలకి బావుంటుంది, ముఖ్యంగా అడిగేది మీలాంటి తెలిసిన మనిషైతే. వారం వారం రిపోర్టుకి వద్దు, ఒకే ప్రశ్నకి ఈ వారం ఒక డైమెన్షన్‌తో (ఊరు, డివైజ్ లాంటి విభజన), వచ్చే వారం ఇంకో డైమెన్షన్‌తో వెతుకుతుంది. ఇంకో తలనొప్పి కోటా. మామూలు ప్రాపర్టీకి డేటా ఏపీఐ (ప్రోగ్రాములు జీఏ4 నుంచి డేటా అడిగే దారి) టోకెన్లు, అంటే క్వెరీలకి ఖర్చయ్యే యూనిట్లు, రోజుకి 2,00,000, గంటకి 40,000. అది ప్రాపర్టీ మొత్తానికి. మా ఏజెంట్ ఓ సాయంత్రం "ట్రాఫిక్ ఎందుకు తగ్గింది" అన్న ప్రశ్న పట్టుకుని లూప్‌లో పడి తవ్వుతూనే ఉంది, ఇంతలో మా వైస్ ప్రెసిడెంట్ క్లయింట్ ముందు లుకర్ స్టూడియో (జీఏ4 చార్టులు చూపించే గూగుల్ టూల్) తెరిస్తే చార్టులన్నిట్లో ఎర్రర్. ఆ రోజు నుంచి ఒక ప్రశ్నకి పది క్వెరీలు దాటితే ఆగిపోయేలా పెట్టాం.

సెర్చ్ కన్సోల్ (గూగుల్ సెర్చ్‌లో మీ సైట్ ఎలా కనపడుతోందో చూపించే టూల్) కలుపుతారా? కలిపితే గుర్తుంచుకోండి, అందులో రోజు లెక్క అమెరికా పసిఫిక్ టైమ్. ఇండియాలో మధ్యాహ్నం పన్నెండున్నరకి, మాకు చలికాలమైతే మీకు ఒకటిన్నరకి, వాళ్ల కొత్త రోజు మొదలవుతుంది. మీ జీఏ4 ప్రాపర్టీ ఇండియా టైమ్‌లో ఉంటుంది. రెండింటి "సోమవారం" ఒకటి కాదు. ఇది చెప్పకపోతే ఏజెంట్ రెండిటినీ పక్కపక్కన పెట్టి లేని కథ అల్లుతుంది.

టీమ్‌కో ఏజెంట్ వద్దు. టేబుల్ ఒక్కటే, ఏజెంట్ ఒక్కటే, టీమ్‌ని బట్టి ఏం చూపించాలి, ఎంత పొడుగు రాయాలి అన్న సూచనలు వేరు. ఏజెంట్ వాడే సర్వీస్ అకౌంట్‌కి వ్యూయర్ (చూసే అనుమతి) మాత్రమే ఇవ్వండి. పేజీ అడ్రసుల్లో కస్టమర్ ఫోన్ నంబరో ఈమెయిలో కనపడుతోందేమో ఒకసారి వెతకండి, మా దగ్గర ఆర్డర్ ట్రాకింగ్ లింకులో కనపడింది. జీఏలోకి అలాంటివి పంపడమే గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, వాటిని ఇంకో కంపెనీ మోడల్‌కి పంపడం అంటే 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక లీగల్ టీమ్‌కి కూడా నిద్ర పట్టదు. క్యాంపెయిన్ పేరు, రెఫరర్ (ఏ సైట్ నుంచి వచ్చారో ఆ సైట్) పేరు లాంటివి బయటివాళ్లు ఏదైనా రాసి పంపగలరు, అందులో "పై సూచనలు మర్చిపో" అని ఉన్నా ఏజెంట్ దాన్ని మన మాట అనుకునే ప్రమాదం ఉంది. తెలిసిన పేర్ల జాబితాలో లేనివన్నీ "ఇతరాలు" చేసేయండి.

బెజవాడ_గాజులు

నేను టెక్నికల్ కాదు, విజయవాడలో వన్‌గ్రామ్ గోల్డ్ నగలు ఆన్‌లైన్‌లో అమ్ముకుంటాం, మా తమ్ముడు ఇలాంటిదే ఒకటి కట్టిచ్చాడు. నంబర్లన్నీ కరెక్టే వస్తాయి. కారణాలే తమాషాగా ఉంటాయి.

2025 జులై చివరి వారం రిపోర్టులో "గత ఏడాది ఇదే వారంతో పోలిస్తే అద్భుతమైన వృద్ధి, కొత్త హోమ్‌పేజీ బ్యానర్ ప్రభావం కావచ్చు" అని రాసింది. బ్యానర్ లేదు, ఏం లేదు. 2024లో శ్రావణం ఆగస్టు 5న వచ్చింది, 2025లో జులై 25కే వచ్చేసింది. గత ఏడాది అదే వారం ఆషాఢం! మళ్లీ వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16, 2025లో ఆగస్టు 8. దానికి తెలియదుగా, ఆగస్టు మూడో వారంలో "అమ్మకాలు ఆందోళనకరంగా పడిపోయాయి" అని మా ఆయన్ని టెన్షన్ పెట్టేసింది. 2023తో పోల్చమంటే ఇంకా ఘోరం, ఆ ఏడు అధిక శ్రావణం కదా, నిజ శ్రావణం ఆగస్టు 17న గానీ రాలేదు.

తమ్ముడితో పోరు పెట్టి పంచాంగం చూసి ఒక షీట్ చేయించా. ఆషాఢం, శ్రావణం, దసరా, దీపావళి, అక్షయ తృతీయ, పెళ్లి ముహూర్తాలు, మూడేళ్లవి. ఇప్పుడు "శ్రావణం మొదటి వారంతో పోయినేడు శ్రావణం మొదటి వారం" అని పోలుస్తుంది. మీది చీరల సైట్ కాబట్టి ఆషాఢం సేల్ కూడా ఉంటుంది, మీకు ఇంకా అవసరం.

ఇంకోసారి "డైరెక్ట్ ట్రాఫిక్ పెరిగింది, బ్రాండ్‌ని జనం గుర్తుపెట్టుకుని నేరుగా వస్తున్నారు" అంది. అది నేను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన లింకు! యూటీఎం (లింకు ఎక్కడ పెట్టామో చెప్పే ట్యాగ్) తగిలించకుండా పెడితే డైరెక్ట్‌లోనే పడుతుందట. అప్పట్నుంచి "కారణం షీట్లో లేకపోతే కారణం రాయకు" అని పెట్టించాం, రిపోర్టు సగానికి తగ్గింది, చదవబుద్ధేస్తోంది.

సోమవారం_బాధితురాలు

నాలుగు వారాల తర్వాత వస్తున్నా, సారీ. క్వెరీ_కూలీ గారూ, లింక్ ఆ రోజే పెట్టేశా, కార్డు కూడా ఇప్పించా. ఎక్సెల్ మనిషి గారి మాట విని కంటెంట్ రిపోర్టు చెప్పకుండా ఆపా, ఇప్పటికీ ఎవరూ అడగలేదు, రాసే నాకే కొంచెం బాధేసింది. అర్థాల పేజీలో యూజర్, సెషన్ ఒప్పుకున్నారు, "ఆర్డర్" దగ్గర మూడు మీటింగులైనా తేలలేదు, ప్రస్తుతానికి "సైట్ ఆర్డర్", "నికర ఆర్డర్" అని రెండు కాలమ్స్ పెట్టి వదిలేశా. టీమ్‌కో ఏజెంట్ కాదు, అందరికీ ఒకటే అంటే బాస్ కొంచెం నిరాశపడ్డారు, స్లైడ్‌లో ఐదు బొమ్మలు గీసుకున్నారట.

పంచాంగం షీట్ మా అత్తగారు చేసిపెట్టారు.

అంకెలు చెక్ చేసే స్క్రిప్ట్ కూడా రాశా. మొన్న గురువారం కేటగిరీ రిపోర్టు ఆగిపోయింది, టేబుల్‌లో లేని అంకె దొరికిందని మెసేజ్. గంటసేపు క్వెరీలన్నీ తిరగేశా. చివరికి చూస్తే అది రాసిన వాక్యం: "6 గజాల చీరలకి ఆదరణ కొనసాగుతోంది."

క్వెరీ_కూలీ

మాకు "10వ తరగతి"తో అయింది ఇదే. వదిలేయాల్సిన మాటల జాబితా ఒకటి పెట్టుకోండి. అందులో 9 గజాలు, మంగళగిరి 80 కౌంట్ (నూలు సన్నదనం లెక్క) కూడా ఇప్పుడే చేర్చేయండి, వచ్చే గురువారం వాటితో ఆగుతుంది.