ముంచింది పొగరా, పొగిడినోళ్ళా?

గోంగూర కోడర్:
నిన్న క్యాంటీన్లో పెద్ద గొడవ, ఇళ్ళు వెతికే సైట్ హౌసింగ్ డాట్ కామ్ ఉంది కదా, దాని ఫౌండర్ రాహుల్ యాదవ్ గురించి. 2015 ఏప్రిల్‌లో బోర్డుకి రాజీనామా లెటర్ పెట్టాడు గుర్తుందా, మీకంత బుర్ర లేదు, నా జీవితంలో ఉన్నదే 3 లక్షల గంటలు, మీతో వేస్ట్ చేయలేను అని. వారం తిరక్కుండా సారీ చెప్పి వెనక్కి తీసుకున్నాడు, జులై 1న బోర్డే పీకేసింది. 2017లో కంపెనీ పోయి ప్రాప్‌టైగర్ అనే ఇంకో ఇళ్ళ సైట్‌తో కలిసింది. నా మటుకు ముంచింది పొగరే.

అర్ధరాత్రి డిప్లాయ్:
ఒకవైపే చెప్తున్నావ్ బ్రో. అదే మనిషి మేలో తన షేర్లన్నీ, దాదాపు 200 కోట్లవి, ఉద్యోగులకి ఇచ్చేస్తున్నా అన్నాడుగా. పొగరున్నోడు చేసే పనా అది?

గోంగూర కోడర్:
అదీ పొగరే 😄 మీ డబ్బు నాకో లెక్కా అని బోర్డుకి చూపించడం.

మాధాపూర్ బాబాయ్:
మునగచెట్టు ఎక్కించినోళ్ళని వదిలేస్తే ఎలా? హౌసింగ్‌లో పెద్ద డబ్బు జపాన్ పెట్టుబడి సంస్థ సాఫ్ట్‌బ్యాంక్‌దే, తర్వాత ఆఫీసులు అద్దెకిచ్చే వీవర్క్‌లో ఫౌండర్ ఆడమ్ న్యూమన్ వెనక ఉన్నదీ వాళ్ళే. 2019 జనవరిలో అది 47 బిలియన్ డాలర్ల కంపెనీ అన్నారు. కంపెనీ పెట్టుకున్న 'వీ' అనే పేరు తన చేతిలో ఉన్న ఇంకో సంస్థదని చెప్పి సొంత కంపెనీ దగ్గరే 5.9 మిలియన్ డాలర్ల వాటాలు తీసుకున్నాడాయన, ఐపీఓ (షేర్లు జనానికి అమ్మే) కాగితాల్లో అది బయటపడి రచ్చయ్యాక తిరిగిచ్చాడు. సెప్టెంబర్‌కి కుర్చీ దిగాడు, 2023 నవంబర్లో వీవర్క్ దివాలా.

పేరెందుకులే:
బోర్డుల సంగతి నాకు తెలీదు, నేను కింద పనిచేసినోణ్ణి. ఒక చిన్న స్టార్టప్, సోమవారం మీటింగ్‌లో టెస్టర్ అమ్మాయి పాత ఫోన్లలో పేమెంట్ పేజీ ఆగిపోతోంది సార్ అంది, మా ఫౌండర్ తన ఐఫోన్ తీసి అందరి ముందూ ఐదుసార్లు పేమెంట్ చేసి చూపించి, ప్రాబ్లమ్ ఫోన్‌దా నీదా అన్నాడు. అందరం నవ్వాం, నేను కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తర్వాతి వారం మా లీడ్ స్లైడ్లలోంచి రిఫండ్ల గ్రాఫ్ తీసేశాడు, ఎవరూ తీయమనలేదు. అక్కణ్ణుంచి అందరం డూడూ బసవన్నలమే. మూతపడే ముందు ఆయన అడిగాడు, ఇన్ని రిఫండ్లుంటే నాకెవరూ చెప్పలేదేంటి అని, నిజంగానే తెలీదు పాపం.

అర్ధరాత్రి డిప్లాయ్:
మరి ఊబర్? దాని ఫౌండర్ ట్రావిస్ కలానిక్‌కి తక్కువ పొగరా, కంపెనీ బాగానే నడుస్తోందిగా.

పేరెందుకులే:
2017 జూన్‌లో దింపారు కాబట్టి నడుస్తోందన్నా. అదైనా ఆ ఫిబ్రవరిలో సూసన్ ఫౌలర్ అనే ఇంజనీర్ తనకి జరిగిన వేధింపుల గురించి, హెచ్ఆర్ పట్టించుకోకపోవడం గురించి బ్లాగులో రాస్తేనే కదలిక వచ్చింది. మా టెస్టర్ అమ్మాయి ఏమీ రాయలేదు, నెలలో వేరే జాబ్ చూసుకుంది.