కొత్తగా చుట్టినా ఈ-ఆటో మోటారు కాలిపోతోంది. అయస్కాంతాలు పోయినట్టేనా?

బోరు మోటార్ల రివైండర్, ఖమ్మం:
ఇరవై ఏళ్లుగా బోరు మోటార్లు చుడుతున్నాను. అయస్కాంతాల మోటారు చుట్టడం ఇది మూడోసారి. 48 వోల్టుల ఈ-ఆటో. మోటారులోని మూడు తీగచుట్ల వరసల్లో (ఫేజుల్లో) ఒకదాంట్లో చుట్లు షార్టయి కలిసిపోయి కాయిల్ నల్లగా మాడింది. పాత తీగ విప్పుతూ లెక్కపెట్టి, అదే గేజి, అన్నే చుట్లు వేశాను. కరెంటు బాడీకి లీకవుతోందేమో చూసే మెగ్గర్ బాగానే చూపిస్తోంది. మూడు ఫేజుల కరెంటూ సమానం. చక్రాలు పైకి లేపి తిప్పితే మునుపటికన్నా జోరుగా తిరుగుతోంది. నలుగురిని ఎక్కించుకుని వంతెన ఎక్కితే మాత్రం మూలుగుతుంది, చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. బండి కుర్రాడికి కిస్తీలున్నాయి, వారం నుంచి నా షాపు ముందే కూర్చుంటున్నాడు. ఎక్కడ తప్పు చేశాను?

ఈ-బండ్ల మెకానిక్, విజయవాడ:
జోరు పెరిగి బలం తగ్గిందంటే నా అనుమానం అయస్కాంతం మీదే. చుట్లు తగ్గినా ఇలాగే ఉంటుంది కాబట్టి తేల్చుకోండి. ఫేజు తీగలు మూడూ కంట్రోలర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి పంపే పెట్టె) నుంచి విప్పి, మోటారు పూర్తిగా చల్లారాక డ్రిల్లుతో తిప్పుతూ రెండేసి తీగల మధ్య ఏసీ వోల్టులు చూడండి. జతకీ జతకీ తేడా వస్తే వైండింగు. మూడూ సమానంగా తగ్గితే ఎక్కువగా రోటరే, అంటే అయస్కాంతాలుండే తిరిగే భాగం. అదే మోడల్ మంచి మోటారుని అదే వేగంతో తిప్పి పోల్చాలి. వేడి మీద కొలవద్దు. ఈ మోటార్లలో వాడే నియోడిమియం అయస్కాంతం ఉన్న వేడి మీద ఇంకో 60 డిగ్రీలు పెరిగితే 7 శాతం దాకా బలం తగ్గి, చల్లారితే తిరిగొస్తుంది.

ఖమ్మం:
మంచి మోటారుకి 9.1 వోల్టులు, దీనికి మూడు జతల్లోనూ 7.4. రోటర్లు మార్చి కూడా చూశానన్నా. మంచి రోటరు నేను చుట్టిన స్టేటర్లో (తీగ చుట్టిన కదలని భాగంలో) పెడితే 9.1 వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. మరి అయస్కాంతం ఎందుకు పోయింది?

విజయవాడ:
మాడిన బండిని షాపుకెలా తెచ్చారు?

ఖమ్మం:
తాడు కట్టి, పన్నెండు కిలోమీటర్లు లాక్కొచ్చారు.

విజయవాడ:
అదే దెబ్బ తీసి ఉంటుంది. బోరు మోటారుకి స్విచ్ కట్టేస్తే కథ అయిపోతుంది. ఇక్కడ చక్రం తిరిగినంతసేపూ అయస్కాంతమే కరెంటు పుట్టిస్తుంది, బ్యాటరీ తీసేసినా సరే. కలిసిపోయిన చుట్లలో ఆ కరెంటు తిరుగుతూ కాయిల్‌ని మాడుస్తుంది, అయస్కాంతానికి ఎదురు క్షేత్రమూ పుట్టిస్తుంది. వేడెక్కిన అయస్కాంతం ఆ ఎదురుని తట్టుకోలేదు. మామూలు ఎన్ రకమైతే 80 డిగ్రీల వరకే, ఎస్‌హెచ్ రకమైతే 150. పొగ వచ్చాక కూడా నడిపి ఉంటే అప్పుడే కొంత పోయి ఉంటుంది.

మీ లెక్కలోనే చూడండి: అదే బరువు లాగడానికి ఇప్పుడు 23 శాతం ఎక్కువ కరెంటు కావాలి, అంటే తీగలో వేడి ఒకటిన్నర రెట్లు. ఎంత బాగా చుట్టినా అది ఆగదు. పాత అయస్కాంతానికి బలం మళ్లీ ఎక్కించాలంటే క్షణంలో వేల ఆంపియర్లు వదిలే యంత్రం ఉండాలి. రోటరు మార్చేయండి. దించేటప్పుడు వేళ్లు జాగ్రత్త, స్టేటరు ఒక్కసారిగా లాగేసుకుంటుంది.

ఖమ్మం:
కొత్త రోటరుకి ఆర్డరు చెప్పేశాను. చుట్టుడు కూలీ మళ్లీ తీసుకోవట్లేదు. ఇకమీదట మాడిన బండి ఏదైనా వెనక చక్రాలు నేలకి తగలకుండా ట్రాలీలోనే తెమ్మని ఆటో స్టాండులో అందరికీ చెబుతున్నాను.