‘తసమదీయులు’ – ఒత్తు ఉన్నదా, విడిపోయిందా?

కృష్ణాతీరం:
రెండు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుని పరివారం తమవారిని, పగవారిని వేరుచేసి చెప్పే రెండు మాటల్లో మొదటిది ‘అస్మదీయులు’, రెండవదాన్ని నేను ఇన్నేళ్ళూ ‘తస్మదీయులు’ అనే పలుకుతూ వచ్చాను. మొన్న ఇంట్లో అందరం కూర్చొని చూస్తుంటే మా పెద్దమ్మాయి, “నాన్నా, అక్కడ ఒత్తు లేదు, ‘తసమ’ అనే అంటున్నారు” అని పట్టుబట్టింది. దయచేసి తేల్చి చెప్పండి.

పదశోధిని:
అమ్మాయి చెవినే నమ్మండి. అయితే ఒత్తు కంటే ముందు ఆలోచించవలసింది ఆ మాట పుట్టుక. అస్మచ్ఛబ్దానికి ‘ఈయ’ చేరితే అస్మదీయమవుతుంది కాని, తచ్ఛబ్దానికి చేరితే వచ్చేది తదీయమే. ‘తస్మదీయ’ అనే రూపం సంస్కృతంలో లేదు. తస్మై, తస్మాత్ అనే రూపాలు విని ఉన్న చెవికి అది ఉండి తీరవలసిన మాటలా తోచడమే పింగళి నాగేంద్రరావు గారి చమత్కారం. ఒత్తు ఉన్నా, విడిపోయినా ఆ చమత్కారానికి లోటు రాదు.

ఆటవెలది:
ఒత్తు విడిపోవడాన్ని అంత తేలికగా దాటవేయకండి. ‘అస్మ’ అన్నప్పుడు ఒక గురువు, ఒక లఘువు. ‘అసమ’ అన్నప్పుడు మూడు లఘువులు. మాత్రలు రెండింటికీ మూడే. మొదటిది హగణం, రెండవది నగణం, అంటే రెండూ సూర్యగణాలే. ‘దుష్ట’ను ‘దుషట’ చేసినప్పుడు జరిగిందీ ఇదే. మన జనం రత్నాన్ని రతనం చేసుకున్నదీ ఈ దారినే. ఆటవెలది పద్యంలో సూర్యగణాలను ఒకదాని చోట మరొకటి వేసుకోవడానికి ఏ స్వేచ్ఛ ఉన్నదో, ఆ రాక్షసుల నాలుక అదే స్వేచ్ఛ తీసుకుంటున్నది. తప్పు పలికినా లయ తప్పకపోవడం వల్లనే ఆ మాటలు అరవై ఏళ్ళు దాటినా మన నోళ్ళలో నిలిచాయని నా గట్టి నమ్మకం.

పదశోధిని:
ఆటవెలది గారూ, చంద్రుడు చందురుడైనప్పుడు మీ లెక్కకు ఒక మాత్ర ఎక్కువవుతున్నది కదా.

ఆటవెలది:
అక్కడ ‘చం’ నిండుసున్న వల్ల ముందే గురువు. ఒత్తు విడిపోయినా దాని బరువు తగ్గదు కాబట్టి మాత్ర పెరుగుతుంది. కేవలం ఒత్తు వల్ల గురువైన అక్షరానికే నేను చెప్పిన సూత్రం.

పాతబందరు:
ఛందస్సు సరే కాని, ‘అసమ’ అంటే సాటిలేనిదనే అర్థం ఎవరికీ తట్టలేదేమి? తమవారిని సాటిలేనివారుగా చెప్పుకోవడం పింగళి వారు ఎరగక చేసిన పని అని నేను అనుకోను. ఆయన చేతిలో ఏ అక్షరమూ ఊరికే పడదు. మగపెళ్ళివారి విడిదిలోని కంబళి–గింబళి, తల్పం–గిల్పం తలచుకోండి. మన ఇళ్ళలో పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ అని రోజూ అంటూనే ఉంటాం. ఆ రెండో మాటకు లోకంలో వస్తువేదీ ఉండదు. ఆయన మాత్రం ఆ ఉత్తుత్తి మాటకు నిజంగా ఒక వస్తువును కల్పించి, దానికి మాయను అంటగట్టారు. మాయలూ మంత్రాలూ నిండిన కథ మనల్ని భయపెట్టకుండా కడుపుబ్బ నవ్వించడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ మాయ మన వంటింటి మాటల్లోంచే పుట్టింది.

పదశోధిని:
‘గి’కారం గురించి మీరన్నది నాకు ఎంతో నచ్చింది. ‘అసమ’ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. అసములు అంటే సరిపోయేదానికి ‘దీయులు’ ఎక్కడి నుంచి వచ్చినట్లు? ఇక నవ్వు సంగతికి వస్తే, నా దృష్టిలో దాని మూలం మాటలో కంటే గొంతులో ఉన్నది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గారి గొంతుతో ఒయ్యారంగా సాగుతున్న మాయాశశిరేఖ (శశిరేఖ రూపంలోని ఘటోత్కచుడు) నోట ఒక్కసారిగా ఘంటసాల గారి గొంతు ఉరుముతుంది. సావిత్రి గారి భుజాలు, కనుబొమలు ఆ క్షణంలోనే మగరాక్షసుడివైపోతాయి, మరుక్షణంలో సిగ్గుపడతాయి. పెళ్ళిపీటల దగ్గర లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడూ అంతే. ఆడపిల్ల పాదంలో రాక్షసుడి బరువు ఉన్నదని తెలిసినవాళ్ళం మనం, తెలియనివాడు రేలంగి గారు.

ఆటవెలది:
మీరు చెప్పినదీ బరువు సంగతే కదా! పైకి లఘువు, లోపల గురువు.

పాతబందరు:
‘దీయులు’ సంగతి రేపు వివరంగా రాస్తాను. శ్లేషలో పదమంతా విరగవలసిన పని లేదు, సగం పలికితే చాలు. మాటలు పుట్టించినవాడికి వీరతాళ్ళు వేయించే ప్రభువు కొలువులో వ్యుత్పత్తి అడగడం న్యాయం కాదు.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ‘తసమ’నే రాసుకుంటున్నాను. ఇదంతా చదివి వినిపిస్తే మా అమ్మాయి ఇంకొకటి అడిగింది: ఒత్తులు విడగొట్టే ఆ శిష్యులు తమ ఏలిక పేరును పలకవలసి వస్తే, అందులోని ‘త్క’ను ఏం చేస్తారు?