సమ్మె చేయకూడని పోలీసు తన జీతం గురించి ఎవరితో మాట్లాడుకోవాలి?

చర్చ ప్రారంభం – ఉద్యోగ చట్టాలు బోధించే అధ్యాపకురాలు

పోలీసులు సమ్మె చేయకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. నేను చర్చకు పెడుతున్నది ఆ తరవాతి ప్రశ్న. ఒక ఉద్యోగి చేతిలోంచి సమ్మె అనే సాధనాన్ని చట్టం తీసేసుకున్నప్పుడు, దానికి బదులుగా ఏమివ్వాలి? అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 1948 నాటి 87వ ఒప్పందం, 1949 నాటి 98వ ఒప్పందం సంఘం పెట్టుకునే స్వేచ్ఛను, ఉమ్మడిగా బేరమాడే హక్కును కార్మికులకు గుర్తించాయి గాని, పోలీసులకూ సైనికులకూ అవి ఎంతవరకు వర్తించాలో తేల్చే పనిని ఆయా దేశాల చట్టాలకే వదిలేశాయి. అందుకే ఒక్కో దేశానిది ఒక్కో దారి అయింది. భారత రాజ్యాంగంలోని 33వ అధికరణం ఈ హక్కులను కుదించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1966లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వం లేదా నిర్ణీత అధికారి అనుమతి లేకుండా పోలీసు ఏ కార్మిక సంఘంలోనూ చేరరాదు. కెనడాలో 2015లో సుప్రీంకోర్టు దీనికి ఎదురుగా తీర్పు చెప్పింది: అక్కడి కేంద్ర పోలీసు దళాన్ని ఉమ్మడి బేరసారాల చట్టం పరిధి నుంచి మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆ దళానికి మొదటి వేతన ఒప్పందం 2021లో కుదిరింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సమ్మె వద్దన్న ప్రభుత్వం, తాను కూడా కాదనలేని మధ్యవర్తి తీర్పుకు తలవంచాలి. ఆ రెండో సగం లేకపోతే మొదటి సగం అన్యాయమే.

స్పందన – విశ్రాంత హెడ్ కానిస్టేబుల్

జీతం కంటే ముందు పని గంటల గురించి మాట్లాడాలని నా మనవి. మా స్టేషన్లో డ్యూటీ చార్టు గోడకు అంటించి ఉండేది. నా పేరుకు ఎదురుగా నీలి సిరాతో ‘వీక్లీ ఆఫ్’ అని ఉండేది. సాయంత్రం రోల్ కాల్ అయ్యేసరికి దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ‘బందోబస్తు’ అని రాసేవారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, ఊరేగింపు వచ్చినప్పుడు మనుషులు కావాలి, పై అధికారి మాత్రం ఏం చేస్తాడు. కాని ఆ కొట్టేసిన రోజు మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పే కాగితం ఎక్కడా ఉండేది కాదు. అడిగితే క్రమశిక్షణ లేదనేవారు. పన్నెండు గంటలు నిలబడి, మళ్లీ రాత్రి గస్తీకి వెళ్లినవాడికి పొద్దున స్టేషన్ గుమ్మం ఎక్కిన ఫిర్యాదుదారు మీద విసుగు రాకుండా ఉంటుందా? ఆ విసుగుకు మూల్యం చెల్లించేది జనమే కదా.

మరో సంగతి, ఇది చెప్పుకోవడానికి మాలో చాలామంది సిగ్గుపడతారు. బందోబస్తులో మహిళా కానిస్టేబుళ్లకు మరుగుదొడ్డి ఎక్కడుందో ముందుగా చూసి పెట్టడం కూడా పని పరిస్థితుల్లో భాగమే. డ్యూటీ మొదలవకముందు నీళ్లు తాగడం మానేసే తోటి ఉద్యోగినులను నేను చూశాను.

స్పందన – విశ్రాంత పరిపాలనాధికారి

హెడ్ కానిస్టేబుల్ గారు చెప్పిన ప్రతి కష్టాన్నీ నేను ఒప్పుకుంటాను. అయినా సంఘం పెట్టి బేరమాడే హక్కు ఇవ్వడం ప్రమాదకరమనే నా నమ్మకం. పోలీసు చేతిలో ఆయుధమూ, మనిషిని పట్టుకునే అధికారమూ ఉంటాయి, అలాంటివారు ఒక్కటైతే ఎదుట కూర్చున్నవారు సమానంగా మాట్లాడలేరు. 1919 సెప్టెంబరు 9న అమెరికాలోని బోస్టన్‌లో పోలీసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పని మానేస్తే దుకాణాలు దోపిడీకి గురయ్యాయి, రాష్ట్ర రక్షక దళం దిగింది, మనుషులు చనిపోయారు. 1969 అక్టోబరు 7న కెనడాలోని మాంట్రియల్‌లో పోలీసులు పదహారు గంటలపాటు లేకపోతే బ్యాంకుల దోపిడీలు, కాల్పులు జరిగాయి.

నాకు అంతకంటే పెద్ద భయం మరొకటి ఉంది. బేరం జీతంతో మొదలై క్రమశిక్షణ దగ్గరికి చేరుతుంది. అమెరికాలోని మేరీల్యాండ్ 1974లో విచారణ ఎదుర్కొనే పోలీసులకు ప్రత్యేక రక్షణలు ఇస్తూ చట్టం చేసింది. జనాన్ని హింసించినవారిపై చర్య తీసుకోవడానికి అదే అడ్డుగా మారిందన్న విమర్శలు పెరిగి, 2021లో దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. పోలీసు కష్టాన్ని తీర్చడం పేరుతో పౌరుడి రక్షణను వదులుకోలేం.

స్పందన – అధ్యాపకురాలు

మీ రెండో అభ్యంతరం గట్టిది, దాన్ని పూర్తిగా అంగీకరిస్తున్నాను. బలప్రయోగంపై విచారణ, సస్పెన్షన్, తొలగింపు బేరానికి రాకూడదు. వాటిపై అప్పీలు ఉండవచ్చు, అది చట్టం నిర్ణయించాలి గాని ఒప్పందం కాదు. జీతం, అలవెన్సులు, పని గంటలు, సెలవు, ఇల్లు, వైద్యం, పరికరాలు మాత్రమే బల్ల మీదికి రావాలి. ఈ గీత గీయకుండా హక్కు ఇవ్వమని నేను కోరడం లేదు.

మొదటి అభ్యంతరం దగ్గర మాత్రం ఆగాలి. బోస్టన్ కథలో ఆఖరి భాగం మీరు చెప్పలేదు. ఆ పోలీసులు యూనిఫాం కూడా తమ డబ్బుతో కొనుక్కునేవారు, అపరిశుభ్రమైన స్టేషన్లలో సుదీర్ఘ గంటలు గడిపేవారు. వారు సంఘం పెట్టుకున్నందుకు నాయకులను సస్పెండ్ చేశారు, సమ్మె ఆ తరవాతే వచ్చింది. సమ్మెలో దిగినవారందరినీ తీసేశారు. వారి స్థానంలో చేరిన కొత్తవారికి పాతవారు అడిగిన పెద్ద జీతమే ఇచ్చారు, యూనిఫాం ఖర్చు కూడా ప్రభుత్వమే భరించింది. ఇవ్వగలిగినదాన్ని ముందే ఇవ్వకపోవడం వల్ల ఎందరి ఉద్యోగాలు, ప్రాణాలు పోయాయో చూడండి. బ్రిటన్‌లోనూ అంతే జరిగింది. 1918 ఆగస్టులో లండన్ పోలీసులు పని మానేశాకే జీతాలు పెరిగాయి. మరుసటి ఏడాది చట్టం చేసి కార్మిక సంఘంలో చేరడాన్ని నిషేధించి, బదులుగా పోలీస్ ఫెడరేషన్ అనే ప్రాతినిధ్య సంస్థను ఏర్పాటు చేశారు.

ఆ సంస్థ అనుభవమే నా వాదనకు ఆధారం. 2007లో జీతాలపై అక్కడి మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 2.5 శాతం పెంపు సెప్టెంబరు నుంచి ఇవ్వాలంది. హోం మంత్రి మాత్రం డిసెంబరు నుంచే ఇస్తానన్నారు. స్కాట్లండ్‌లో అదే పెంపును పూర్తిగా, వెనకటి తేదీ నుంచి ఇచ్చారు. దాంతో 2008 జనవరిలో వేలాది పోలీసులు సెలవు సమయంలో లండన్ వీధుల్లో నడిచారు. మూడు నెలల తేడాకు ఇంత కోపమా అని నా విద్యార్థులు అడుగుతుంటారు. డబ్బు చిన్నదే. సమ్మె వద్దంటే మానుకున్నాం, తీర్పరి దగ్గరికి వెళ్లమంటే వెళ్లాం, చివరికి తీర్పు మాట మీరే కాదన్నారన్నది వారి బాధ. 2014లో జీతాలపై ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకునే బేరసారాల మండలినే తీసేసి సిఫారసులు చేసే సమీక్షా సంఘాన్ని పెట్టారు. 2021లో ఆ సంఘం ప్రక్రియ నుంచి తప్పుకుంటున్నట్టు ఫెడరేషన్ ప్రకటించింది.

స్పందన – విశ్రాంత పరిపాలనాధికారి

మీరు మాంట్రియల్‌ను దాటవేశారు. అక్కడి పోలీసులు టొరంటోతో సమానమైన జీతం కోరారు, మధ్యవర్తి ఇచ్చింది చాలకనే బయటికి నడిచారు. అంటే తీర్పు కట్టుబాటు అయినా శాంతి ఉంటుందని హామీ లేదు కదా? పైగా ఎవరో తీర్పరి రాసిన అంకెను చట్టసభ బడ్జెట్‌లో పెట్టి తీరాలంటే ప్రజలు ఎన్నుకున్నవారి అధికారానికి అర్థమేమిటి?

స్పందన – అధ్యాపకురాలు

మాంట్రియల్ గురించి మీరన్నది నిజమే, నేను ముందుగానే చెప్పి ఉండాల్సింది. హామీ ఏ పద్ధతిలోనూ లేదు. అయితే తీర్పును ఉల్లంఘించినవారిని శిక్షించే నైతిక బలం, ఆ తీర్పును తాను పాటించిన ప్రభుత్వానికే ఉంటుంది. బడ్జెట్ విషయానికొస్తే, ఖజానా స్థితిని తీర్పరి తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవాలని చట్టంలోనే రాయవచ్చు. ఆపైన కూడా తీర్పును కాదనాలనుకుంటే, ఆ మాట మంత్రి ఉత్తర్వుతో కాకుండా చట్టసభలో ఓటుతో, కారణాలు చెప్పి, బహిరంగంగా జరగాలి. ఎన్నికైనవారి అధికారం అప్పుడు చెక్కుచెదరదు.

స్పందన – విశ్రాంత హెడ్ కానిస్టేబుల్

పెద్దల మాటలన్నీ శ్రద్ధగా చదివాను. జీతం అంకెపై మీరు ఏకీభవించేలోగా ఖజానాకు పెద్ద భారం కాని ఒక్క నిబంధనపైనైనా ఒప్పందం కుదరదా అని అడుగుతున్నాను. వారపు సెలవు రద్దు చేస్తే అదే కాగితం మీద, అదే సంతకం కింద, బదులు సెలవు తేదీ కూడా రాయాలి. ఆ తేదీని కూడా రద్దు చేయాల్సి వస్తే ఆ రోజుకు అదనపు జీతం ఇవ్వాలి. దీనికి పరిపాలనాధికారి గారు ఒప్పుకుంటారా?

స్పందన – విశ్రాంత పరిపాలనాధికారి

ఒప్పుకుంటాను. అత్యవసర పరిస్థితి ప్రకటించిన రోజులను మినహాయించాలి, ఆ ప్రకటన లిఖితపూర్వకంగా ఉండాలి. నేను ఉద్యోగంలో ఉండగా ఈ నిబంధనను ఎవరైనా నా ముందుంచి ఉంటే సంతకం పెట్టేవాడిని. అలా ఉంచడానికి అధికారం ఉన్న ప్రతినిధి ఒక్కరూ లేకపోయారన్న మీ ఇద్దరి మాటను కాదనలేకపోతున్నాను.